దుబాయిల కిడ్నీ రాయి నొప్పి, ఫోన్లనే ఉండే ఇన్సూరెన్స్ కార్డు: ఏ దవఖానకు పోవాలె?

పరకాల_ఏసీ_మెకానిక్

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది పరకాల పక్కన ఊరు. దుబాయిల ఏసీ మెయింటెనెన్స్ కంపెనీల పని. ఇంకా ప్రొబేషన్ అయిపోలే. క్యాంపు అల్‌ఖూజ్‌ల. డ్యూటీ అంత బిల్డింగుల పైన, ఎండల, అవుట్‌డోర్ యూనిట్ల కాడ.

సంగతేందంటే, ఎడమ పక్క నడుము కాడ మొదలై కింద గజ్జల దాకా నొప్పి గుంజుతాంది. వస్తే ఒక్క తీరుగ కూసోనియ్యది, పండనియ్యది. వాంతి గూడ అయితాంది. ఊర్లె ఉన్నప్పుడు గిదే నొప్పి వస్తే హన్మకొండల స్కానింగ్ తీసిండ్రు. ఎడమ కిడ్నీల చిన్న రాయి ఉన్నది, నీళ్లు బాగ తాగు, అదే పడిపోతది అన్నరు. గప్పుడు తగ్గింది. గిప్పుడు మళ్ల మొదలైంది.

కంపెనీ ఇన్సూరెన్స్ చేసిందట. కార్డు చేతికియ్యలే, ఎమిరేట్స్ ఐడీ చూపిస్తే చాలు అన్నరు. ఏ దవఖానకు పోవాల్నో మాత్రం ఎవలూ చెప్పలే. రూముల తలోమాట. మలయాళీ ఫోర్‌మన్ ఒక పెద్ద హాస్పిటల్ పేరు చెప్పి ఆడికే పో అంటాండు, ఆయన ఆన్నే చూపిచ్చుకుంటడట. నిజామాబాద్ అన్న ఒకాయన సర్కారుది రషీద్ హాస్పిటల్ ఉన్నది, గాడికి పో అంటాండు. మా నేపాలీ దోస్తు క్యాంపు పక్కపొంటి క్లినిక్ చాలు అన్నడు. ఆ క్లినిక్‌ల చూపిచ్చిన. సూది ఏసిండ్రు, గోలీలిచ్చిండ్రు, స్కానింగ్ ముచ్చటే తియ్యలే. సూది పవర్ దిగంగనే నొప్పి మళ్ల షురూ.

హిందీ నడుస్తది, ఇంగ్లీషు రాదు. జీతం 1,600 దిర్హాములు, ఇంటికి పంపినంక ఏం మిగుల్తదో మీకు తెల్సు. ఎంత పడ్తది? రాయి ముందు నుంచే ఉన్నదని చెప్తే ఇన్సూరెన్స్ ఇయ్యరని ఒకాయన బెదిరిచ్చిండు. చెప్పాల్నా, దాచాల్నా? లేకుంటే ఇంటికే వచ్చి చూపిచ్చుకుంట గాని, టికెట్ పైసలు చూస్తే మనసు ఒప్పుతలేదు.

రాయికల్_రాజన్న

తమ్మీ, మీ ఫోర్‌మన్ చెప్పిందే కరెక్ట్. పెద్ద హాస్పిటల్‌కు పో. చిన్న క్లినిక్‌లల్ల తిరిగితే రోజులు పోతయి, డ్యూటీ పోతది, రోగం ఆన్నే ఉంటది. నేను షార్జాల ఉన్నప్పటి సంది చూస్తున్న, క్యాంపు క్లినిక్‌ల అందరికీ అదే గోలీ. ఐడీ తీసుకొని సీదా పెద్దదాంట్లకు పో, ఇన్సూరెన్స్ ఉన్నప్పుడు భయమెందుకు?

హన్మకొండ_స్వరూప

తమ్ముడూ, ఆ పెద్ద హాస్పిటల్‌కు టాక్సీ ఎక్కకముందు ఇది చదువు. రాజన్నా, కోపం చేసుకోకుండ్రి, మీ మాట పట్టుకొని పోయినోళ్లు కౌంటర్ కాడ నిలబడి మొఖం చిన్నబుచ్చుకునుడు నేను రోజూ చూసిన. పెండ్లయినంక దుబాయికి పోయిన, అల్‌ఖుసైస్ దిక్కు ఒక మెడికల్ సెంటర్‌ల ఇన్సూరెన్స్ కౌంటర్ నాదే. ఐడీ మెషీన్ల పెట్టుడు, కంప్యూటర్ల ఏమొచ్చిందో చూసుడు, అప్రూవల్ అడుగుడు, రాకపోతే మనిషికి చెప్పుడు. ఇప్పుడు పిల్లల చదువులని హన్మకొండలనే ఉంటున్న.

ముందుగాల ఒక్క మాట. నొప్పితోటి చలిజ్వరం వచ్చినా, మూత్రం బందైనా, వాంతులు ఆగక నీళ్లు గూడ కడుపుల నిలువకపోయినా ఈడ మా జవాబు కోసం చూడకు. 998కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తది, లేకుంటే ఏది దగ్గరుంటే దాని ఎమర్జెన్సీకి పో. రాయి అడ్డం పడి పైన చీము పట్టిందంటే కిడ్నీకే ముప్పు. అసొంటప్పుడు మన నెట్‌వర్క్‌ల, అంటే మన ఇన్సూరెన్స్ నడిచే దవఖానల లిస్టుల, ఉన్నదా లేదా అని చూసుడు లేదు, ఎమర్జెన్సీకి ఏ ప్లాన్‌లనైనా కవరేజీ ఉంటది. రషీద్ హాస్పిటల్ గట్టి దవఖాన, 1973 సంది ఉన్నది, రోడ్డు యాక్సిడెంట్లు, పైనుంచి పడ్డోళ్లు మొదలు ఆడికే పోతరు. అందుకే మామూలు రాయి నొప్పితోటి ఆడికి పోతే నీకంటె ముందు తల పగిలినోడు, కాలు విరిగినోడు ఉంటరు. సిస్టర్ బీపీ, జ్వరం చూసి నిన్ను పక్కన కూసోపెడ్తది. అది తప్పు కాదు, ఆడి పద్ధతే అది.

ఇగ నీ సంగతి. నువ్వు ఏ దవఖాన మంచిది అని అడుగుతున్నవ్. నీ జీతానికి ఇచ్చే ఇన్సూరెన్స్‌ల ఆ ప్రశ్నకు రెండో నంబరే. మొదలు తేల్చుకోవాల్సింది ఏ డాక్టరు కాడికి ముందుగాల పోవాలె అన్నది. ఎందుకంటే పెద్ద డాక్టరు కాడికి తోలిచ్చేది ఆ చిన్న డాక్టరే.

దుబాయిల 2013ల వచ్చిన చట్టం ప్రకారం పనోళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీనే చెయ్యాలె, ఆ పైసలు నీ జీతంల కట్ చెయ్యొద్దు. నెలకు 4,000 దిర్హాములు దాటనోళ్లకు ఎక్కువగా ఇచ్చేది ఎసెన్షియల్ బెనిఫిట్స్ ప్లాన్ అంటరు, మా కౌంటర్ల ఈబీపీ అంటుంటిమి. ఏడాదికి 1,50,000 దిర్హాముల దాకా కవరేజీ. తక్కువేం కాదు. కాని దానికి కొన్ని కట్టుబాట్లున్నయి. నువ్వు సీదా కిడ్నీ డాక్టరు కాడికి పోతే బిల్లు పాస్ కాదు. మొదలు జనరల్ డాక్టరు చూడాలె, ఆయన రెఫరల్, అంటే పెద్ద డాక్టరు కాడికి పంపే చీటీ, రాయాలె, అప్పుడు యూరాలజిస్టు, అంటే కిడ్నీ రాళ్లు, మూత్రం రోగాలు చూసే డాక్టరు. మీ ఫోర్‌మన్ ప్లాన్ వేరే ఉంటది, ఆయన సీదా పోవచ్చు. ఒకటే కంపెనీ, ఒకటే బొమ్మ ఉన్న చొక్కా ఏసుకొని ఇంజనీరు, హెల్పర్ కలిసి మా కాడికి వచ్చిన రోజులున్నయి. ఇంజనీరుది పాస్ అయితది, హెల్పర్‌కు స్క్రీన్ మీద ఈ నెట్‌వర్క్ కాదు అని ఎర్రగ వస్తది. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఇద్దరిదీ ఒక్కటే. దాని కింద చిన్నగ రాసి ఉన్న నెట్‌వర్క్ పేరు వేరు. అందుకే పక్కోని దవఖాన నీ దవఖాన కాకపోవచ్చు.

కాబట్టి ఈ రాత్రే ఇట్ల చెయ్యి. మీ కంపెనీ హెచ్‌ఆర్‌నో, వీసా కాగితాలు చూసే పీఆర్వోనో పట్టుకొని ఇన్సూరెన్స్ ఏ కంపెనీది, టీపీఏ ఎవలు, నెట్‌వర్క్ పేరేంది అని అడుగు. టీపీఏ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున బిల్లులు చూసేటోళ్లు. వాళ్ల యాప్ ఉంటది, ఎమిరేట్స్ ఐడీ నంబరు కొడితే కార్డు కనవడ్తది, వెనుక ఫోన్ నంబరు ఉంటది. ఆ నంబరుకు చేసి హిందీల మాట్లాడు, వాళ్లకు హిందీ వస్తది. అల్‌ఖూజ్‌కు దగ్గరున్న క్లినిక్‌లు, హాస్పిటళ్లు నీ నెట్‌వర్క్‌ల ఏమేం ఉన్నయో వాట్సాప్ చేయమను. పాత లిస్టు పీడీఎఫ్ నమ్మకు, క్లినిక్‌లు వస్తుంటయి, పోతుంటయి.

లిస్టు వచ్చినంక ఏది పట్టుకోవాలె అంటవా. నేనైతే ఒంటి క్లినిక్ పట్టుకోను. అదే గ్రూపుకు హాస్పిటల్ ఉండి, ఆ హాస్పిటల్ గూడ నీ లిస్టుల ఉన్న క్లినిక్ చూసుకో. రెఫరల్ రాసుడు, ఫైలు పంపుడు ఆళ్లల్ల ఆళ్లకు అల్కగ అయితది. క్లినిక్‌లనే ల్యాబు, అల్ట్రాసౌండ్ ఉండాలె. లేకపోతే స్కానింగ్ కోసం ఇంకోతాన, దానికి మళ్ల అప్రూవల్, నీ డ్యూటీ పాయె. రాత్రి పది దాటినంక గూడ డాక్టరు ఉండాలె, మీ బస్సు క్యాంపుకు వచ్చేసరికే ఎనిమిదైతది గదా. ఫోన్ చేసినప్పుడు కౌంటర్ పిల్లను నేరుగ అడుగు, మీ కాడ అల్ట్రాసౌండ్ ఏ టైముకు తీస్తరు, రెఫరల్ రాస్తే ఏ హాస్పిటల్‌కు పంపుతరు అని. గడగడ జవాబు చెప్పిందంటే ఆ క్లినిక్‌ల పని సాఫీగ నడుస్తున్నట్టు. దేనికడిగినా వచ్చినంక చూద్దాం అన్నదంటే ఇంకోటి చూసుకో. గోడ మీద సర్టిఫికెట్లు, గూగుల్ల చుక్కలు నేను పెద్దగ పట్టించుకోను. ఆ చుక్కలు సగం పంటి డాక్టరు కాడ పండ్లు తెల్లగ చేయిచ్చుకునే మేడమ్‌లు ఇచ్చినయే ఉంటయి.

క్యాంపు క్లినిక్ డాక్టరును గూడ ఉత్తగనే తిట్టకుండ్రి. ఆయన ముందట నలభై మంది లైన్ల ఉంటరు. నువ్వు పేట్ మే దర్ద్ అని ఉంటవ్, ఆయన కడుపునొప్పి మందు రాసిండు. మళ్ల పోయినప్పుడు బాయీ కమర్ సే నీచే తక్ దర్ద్, ఉల్టీ భీ, పహ్‌లే గుర్దే మే పత్థర్ థా, సోనోగ్రఫీ మే నిక్లా (ఎడమ నడుము నుంచి కింది దాకా నొప్పి, వాంతి గూడ, ముందు కిడ్నీల రాయి ఉండె, స్కానింగ్‌ల తేలింది) అని ఒకటే పట్టున చెప్పు. గట్ల చెప్పినంక స్కానింగ్ రాయని డాక్టరు నాకు తగల్లే.

దాచాల్నా అన్నవ్. దాచకు. మొదటిసారి ఇన్సూరెన్స్‌ల చేరినోళ్లకు ముందు నుంచే ఉన్న రోగాలకు 6 నెలల ఆగుడు ఉన్నది, అది నిజమే. కాని ఎమర్జెన్సీకి ఆ అడ్డు లేదు. నొప్పి లేసి పొర్లాడుతుంటే వైద్యం చేస్తరు. ఆగుడు వచ్చేది రాయి పగలగొట్టుడు అసొంటి ముందుగాల తారీకు పెట్టుకొని చేసే వాటికి. నువ్వు దాచిపెట్టి, రేపు డాక్టరు నీ కిడ్నీల పాత రాయి, పాత వాపు చూసి కాగితం మీద రాస్తే, అప్రూవల్ ఆడనే ఆగుతది. అప్పుడు అన్నిటికీ శంక పెడ్తరు. హన్మకొండ స్కానింగ్ రిపోర్టు ఇంట్ల ఉంటే ఫోటో తీసి పంపమను. అప్పుడు రాయి ఎంతున్నది, ఇప్పుడు ఎంతున్నది అని పోల్చుకోవచ్చు, డాక్టరుకు సగం పని తప్పుతది.

పైసలు: ఈబీపీల ఓపీకి బిల్లుల 20 శాతం నీది, మందులకు 30 శాతం నీది. అడ్మిట్ అయితే 20 శాతం అయినా ఒక్కపాలికి 500 దిర్హాములు దాటొద్దు, ఏడాదంత కలిపి 1,000 దాటొద్దు. అదే రోగానికి 7 రోజుల లోపల మళ్ల చూపిచ్చుకుంటే డాక్టరు ఫీజుల నీ వంతు ఉండదు. ఈ 7 రోజుల సంగతి శానమందికి తెల్వదు, ఎనిమిదో రోజు వచ్చి కౌంటర్ల లొల్లి పెడ్తరు. నీ కార్డు మీద లెక్క వేరే ఉన్నా ఉండొచ్చు, యాప్‌ల చూసుకో.

పరకాల_ఏసీ_మెకానిక్

అక్కా, నువ్వు చెప్పినట్టే హెచ్‌ఆర్ మేడమ్‌ను అడిగిన. యాప్ వచ్చింది. నువ్వన్నదే నిజం, ఫోర్‌మన్ చెప్పిన హాస్పిటల్ నా లిస్టుల లేనే లేదు. ఇన్సూరెన్సోళ్లు హిందీలనే మాట్లాడిండ్రు, మంచిగ చెప్పిండ్రు. అల్ట్రాసౌండ్ ఉన్న క్లినిక్ ఒకటి దొరికింది, రేపు డ్యూటీ దిగినంక పోత.

ఇంకోటి అడుగుత. మా ఊరి పిలగాడు వచ్చే వారం ఇంటికాడి నుంచి వస్తాండు. అప్పుడు హన్మకొండల నాకు రాసిన నొప్పి గోలీలు మస్తు పనిచేసినయి. వాని బ్యాగుల తెప్పిచ్చుకుంటే గీ దవఖానల గోసనే ఉండది గదా?

ఎంజీఎం_సెంటర్_మెడికల్స్

దీనికి నేను చెప్త. వరంగల్‌ల ఎంజీఎం సెంటర్ కాడ మా మెడికల్ షాపు. దుబాయి పోతున్నడు, కొడుక్కు పంపాలె, అల్లునికి పంపాలె అని పాత చీటీ పట్టుకొని వచ్చేటోళ్లు మాకు వారంల ఎంతమందో. నొప్పికి రాసిన చీటీ అయితే నేను మొదలు ట్రమడాల్ ఉన్నదా అని చూస్త. కొన్ని నొప్పి గోలీలల్ల పారాసిటమాల్‌తోటి కలిపి ఉంటది, పేరు చూస్తే తెల్వది, వెనుక సన్నటి అక్షరాలు చదవాలె. దగ్గు సిరప్‌లల్ల కోడీన్ అట్లనే. ఈ రెండూ ఎమిరేట్స్‌ల కంట్రోల్ మందులు. ఈడ చీటీ మీద దొరికే గోలీ ఆడ ఎయిర్‌పోర్టుల పట్టుకుంటే కేసు. తెచ్చేటోని పేరు మీద కేసు అయితది. ఆ పిలగాడు నీకోసం పోలీసుల చేతిల పడుడు న్యాయమా?

బీపీ, షుగర్ గోలీలు వేరే సంగతి. అవి తెచ్చుకునేటోళ్లు సొంత వాడకానికి మాత్రమే, డాక్టరు చీటీతోటి, మా బిల్లుతోటి, పట్టీలు డబ్బాలనే ఉంచి తెచ్చుకోవాలె. గోలీలు విప్పి ప్లాస్టిక్ కవర్ల పోసి తీసుకపోతరు కొందరు, ఏ మందో ఎవనికి తెలుస్తది? నీ పాత చీటీ ఫోటో నాకు పంపకు, ఆడి డాక్టరుకు చూపెట్టు.

జగిత్యాల_దోహా

దుబాయి ముచ్చట చదివి ఖతర్ల ఉన్నోళ్లు అదే లెక్క అనుకుంటరని రాస్తున్న. ఈడ పద్ధతి వేరు. ఈడ మనకు హమద్ కార్డు అని హెల్త్ కార్డు ఉంటది, ఏడాదికి 100 రియాళ్లు, రెన్యూవల్ కంపెనీ చేయిస్తదా నువ్వే కట్టుకోవాల్నా అని అడిగి తెలుసుకోవాలె. తారీకు దాటిందో లేదో ఎవడూ చూడడు, రోగం వచ్చినంక చూస్తరు. ఒక్కొక్కడే ఉండే లేబర్లకు రెడ్ క్రెసెంట్ నడిపే వర్కర్స్ హెల్త్ సెంటర్లున్నయి, ముందుగాల ఆడికే పోవాలె, ఆడి డాక్టరు పెద్ద దవఖానకు రాస్తడు. ఇండస్ట్రియల్ ఏరియా దిక్కు హజ్మ్ మెబైరీక్ హాస్పిటల్ 2018ల తెరిచిండ్రు, మనసొంటి పనోళ్ల కోసమే పెట్టింది. నా రూమ్‌మేట్ చెయ్యి మెషీన్ల పడితే ఆన్నే చూసిండ్రు. నర్సులల్ల మనోళ్లు, మలయాళీలు ఉంటరు, భాషతోటి ఇబ్బంది కాలే. ఎమర్జెన్సీ అయితే 999.

నా అనుభవంల క్యూ ఎక్కువ, కాని పైసలు తక్కువ. ప్రైవేటు క్లినిక్‌ల డాక్టరు ఫీజు, రక్తపరీక్ష కలిపితే నా రెండు దినాల జీతం. పండ్ల నొప్పి తప్ప ప్రైవేటుకు పోబుద్ధి కాదు.

సిరిసిల్ల_రియాద్

సౌదీల ఇకామా (ఆడ ఉండనిచ్చే పర్మిట్ కార్డు) నంబరు మీదనే ఇన్సూరెన్స్ చూపెడ్తది. కౌంటర్ల ఇకామా ఇచ్చి ఏ క్లాసు అని అడగాలె, క్లాసును బట్టి హాస్పిటల్. ఆరోగ్యం గురించి ఏదన్న అడగాల్నంటే 937, అంబులెన్స్ 997. కఫీల్, అంటే మనకు వీసా ఇచ్చిన యజమాని, ఇన్సూరెన్స్ రెన్యూ చెయ్యకపోతే ఇకామా రెన్యూవల్ గూడ అయితలేదు, అందుకే ఇకామా తారీకు మీద కన్నేసి ఉంచితే ఇన్సూరెన్స్ సంగతి అదే తెలుస్తది. ఇంతకంటె నాకు రాసే ఓపిక లేదు, నైట్ డ్యూటీ.

రాయికల్_రాజన్న

స్వరూపమ్మా, కోపమేం లేదు. నాది షార్జా వీసా, అప్పుడు మాకు ఇన్సూరెన్సే లేకుండె. పైసలు కట్టి పెద్దదాంట్లనే చూపిచ్చుకునేటోళ్లం, అదే అలవాటు. ఇప్పుడు షార్జా, అజ్మాన్‌ల గూడ కంపల్సరీ చేసిండ్రట గదా?

హన్మకొండ_స్వరూప

అవునన్నా. 2025 జనవరి 1 సంది షార్జా, అజ్మాన్, ఉమ్మల్ ఖువైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాలల్ల గూడ ప్రైవేటు కంపెనీల పనోళ్లకు ఇన్సూరెన్స్ లేనిది వీసా కొత్తగ రాదు, రెన్యూ గాదు. బేసిక్ ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాములు, కట్టేది కంపెనీ. కాని షార్జా వీసాతోటి దుబాయిల రూము ఉన్నోళ్లు, దుబాయి వీసాతోటి షార్జాల రూము ఉన్నోళ్లు పైలంగ ఉండాలె. ఈబీపీల ఎమర్జెన్సీ అయితే ఏడు ఎమిరేట్స్‌ల ఎక్కడైనా నడుస్తది, మామూలు జ్వరానికి, దగ్గుకు అట్ల నడవది. రూము కాడి క్లినిక్ నెట్‌వర్క్‌ల లేకపోతే సైటు కాడిది పట్టుకోవాలె.

పరకాల తమ్ముడూ, మెడికల్ షాపాయన చెప్పింది అక్షరం పొల్లు పోకుండ నిజం. గోలీలు తెప్పిచ్చుకోకు. ఇంటికి వచ్చుడు గురించి నేను అప్పుడు రాయలే, ఇప్పుడు రాస్త. స్కానింగ్ కాకముందే ఇంటికి పయనం కట్టకు. రాయి కదులుతున్నప్పుడు విమానంల నొప్పి లేస్తే నాలుగు గంటలు నిన్ను ఎవలు చూస్తరు? స్కానింగ్‌ల పెద్ద రాయి వచ్చి, ఆపరేషన్ కావాలె అని చెప్పి, 6 నెలల ఆగుడు కింద ఇన్సూరెన్స్ పాస్ కాలే అనుకో, అప్పుడు ఇంటికి వచ్చే లెక్క వేరు. మనకాడ ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబరు సంది 10 లక్షలు. అది మన దిక్కు లిస్టుల ఉన్న దవఖానలల్లనే నడుస్తది, దుబాయిల చూపిచ్చుకొని బిల్లు తెస్తే పైస ఇయ్యరు. రేషన్ కార్డుల నీ పేరు ఉన్నదో పోయిందో అమ్మను చూడమను. విదేశాలకు పోయిండని పేరు తీసేసిన ఇండ్లు నాకు తెల్సు.

పరకాల_ఏసీ_మెకానిక్

చూపిచ్చుకున్న. క్లినిక్‌ల డాక్టరు హైదరాబాదాయనే, హిందీ, తెలుగు రెండూ కలిపి మాట్లాడిండు. అక్క చెప్పిన మాటలు ఫోన్ల రాసుకపోయి చదివిన, నవ్విండు గాని అప్పటికప్పుడే అల్ట్రాసౌండ్ తీపిచ్చిండు. మూత్రం పరీక్ష గూడ చేసిండ్రు. రాయి 4 మిల్లీమీటర్లది, కిడ్నీలకెళ్లి కిందికి దిగి మూత్రనాళంల ఉన్నదట. 5 లోపల ఉన్నయి ఎక్కువమందికి వాటంతటవే పడిపోతయి అన్నడు. నాళం వదులయ్యే గోలీ, నొప్పి గోలీ రాసిండు. రెఫరల్ గూడ ఇచ్చిండు, జ్వరం వస్తే ఆగకు, సీదా ఎమర్జెన్సీకి పో అన్నడు. చేతి నుంచి పోయింది వంద దిర్హాముల లోపలనే. ఆరో రోజు మళ్ల రమ్మన్నడు, ఏడో రోజు దాటొద్దని ఆయనే చెప్పిండు, గా ముచ్చట ఆయనకు గూడ ఎరుకే.

సిక్ లీవ్ రాసిండు. ప్రొబేషన్‌ల జీతం వస్తదా?

హన్మకొండ_స్వరూప

సంతోషం తమ్ముడూ. ప్రొబేషన్‌ల సిక్ లీవ్‌కు జీతం ఇయ్యాల్నని చట్టం లేదు. లీవు అడగొచ్చు, అది జీతం లేని లీవు. ప్రొబేషన్ అయినంక ఏడాదికి 90 రోజులు: మొదటి 15 రోజులు పూర జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలిన 45 రోజులు ఏం లేదు. సర్టిఫికెట్ 3 పనిదినాల లోపల కంపెనీకి ఇయ్యాలె, వాట్సాప్‌ల పంపి, అది పోయినట్టు రెండు గీతలు పడ్డంక ఫోటో తీసి పెట్టుకో. ఇట్ల పెట్టుకోనోళ్లు తర్వాత మాకు ఫోన్ చేసి పాత సర్టిఫికెట్ అడుగుతుంటిరి.

మీ సూపర్‌వైజర్‌తోటి ఇంకోటి గూడ మాట్లాడు. ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగటిపూట 12:30 నుంచి 3 గంటల దాకా బయట ఎండల పని చేయిచ్చొద్దని రూలు. ఏసీ రిపేరు అర్జంటు అని మిమ్ముల ఎక్కిస్తే ఎక్కిస్తరు, గప్పుడు నీళ్ల డబ్బా పైకి పంపాలె అని ముందే ఒప్పిచ్చుకో. మీ రూముల ఎంతమందికి రాళ్లున్నయో ఓసారి అడిగి చూడు, నువ్వొక్కనివే కాదని తెలుస్తది. నీళ్లు తాగితే మూత్రానికి కిందికి దిగాలె, పైకెక్కాలె, అందుకే తాగరు. మా కౌంటర్ కాడికి మేడ మీది పనోళ్లు ఎక్కువ వచ్చేది జులై, ఆగస్టులనే.

భూపాలపల్లి_లక్ష్మయ్య

అమ్మా, మా చిన్నోడు వచ్చే నెల అబుధాబికి పోతాండు. పదో తరగతి పాస్ గాలే. ఆనికి ఈడ్నే ఏం చేసి పంపాలె?

హన్మకొండ_స్వరూప

బాపూ, పది పాస్ కాలేదంటే ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌కు పనికి పోవాల్నంటే సర్కారు క్లియరెన్స్ కావాల్సింది, అయి ఉంటది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసేటప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పక చెయ్యాలె, 2 ఏండ్లకు 275 రూపాయలు, 3 ఏండ్లకు 375. ప్రమాదంల చనిపోయినా, ఎప్పటికీ పని చెయ్యరాకుండ అయినా 10 లక్షలు. ఏజెంటు చేసిన్నంటడు, ఆ పాలసీ కాగితం అడిగి తీసుకొని ఒక కాపీ ఇంట్ల పెట్టుకోండ్రి. ఇది దుబాయి, అబుధాబి కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్‌కు బదులు కాదు, అది వేరే, ఇది వేరే.

అబుధాబిల గూడ కంపెనీనే ఇన్సూరెన్స్ చెయ్యాలె, కాని ఆడి ప్లాన్లు, నెట్‌వర్క్‌లు దుబాయి అసొంటివి కావు. నేను ఆడ పనిచెయ్యలే, అబుధాబిల ఉన్నోళ్లు ఎవలన్నా రాయండ్రి. మెడికల్‌ల ఫిట్ అయిండని ఊకోకుండ్రి, ఆ మెడికల్‌ల చూసేది అంటురోగాలు, ఎక్స్‌రే అసొంటివి, కిడ్నీల రాయి దాంట్ల కనవడది. నడుము నొప్పి ఎప్పుడన్న వచ్చిందా అని పిలగాన్ని అడుగుండ్రి. వచ్చి ఉంటే పోకముందే ఈడ ఒక స్కానింగ్ తీపిచ్చి రిపోర్టు ఆని ఫోన్ల ఎక్కిచ్చుండ్రి. కష్టమొచ్చి ఎవలూ దిక్కు లేకపోతే మన ఎంబసీ తరఫున పనోళ్ల కోసం పెట్టిన సాయం నంబరు 800 46342, ఎమిరేట్స్ లోపల పైసలు పడవు. అదే ఫోన్ల అమ్మ నంబరు పక్కపొంటి సేవ్ చేసి పంపుండ్రి.